పేరు మిగిలిన కారు

విజయవాడనుండి బందరునకు పోవు మార్గము కంకిపాడు, ఉయ్యూరు దాటి, పమిడిముక్కల మండలముగుండ పామర్రు చేరి, అచ్చటినుండి సముద్రతీరమువైపు సాగును. ఇరుప్రక్కల వరిచేలును, చెరకుతోటలును, కాలువలును కన్నుల పండువుగా నుండును. ఈ మార్గమున కటునిటు గల పల్లెలలో వయసు మీరినవారిని, "చిన్ననాట మీరెక్కిన మొదటి కారేది?" అని యడిగినచో, పెక్కుమంది నోట వచ్చు పేరు అంబాసిడరు. పెండ్లికూతురు అత్తవారింటికి తరలినది ఆ కారులోనే. అర్ధరాత్రివేళ పురిటినొప్పులు పడుచున్న తల్లిని గుడివాడకో బందరుకో చేర్చినది ఆ కారే. కలెక్టరుగారు వచ్చినను, ఎన్నికలలో అభ్యర్థి వచ్చినను, ఊరి మొగదల దుమ్ము రేపుచు ముందుగా కానవచ్చినది ఆ కారు ముక్కే.

ఆ కారు నేడు ఎచ్చటను తయారగుట లేదు. 2014వ సంవత్సరము మే నెలలో దానిని నిర్మించు కర్మాగారము పని నిలిపివేసెను. దాదాపు మూడేండ్లకు, 2017 ఫిబ్రవరిలో, 'అంబాసిడరు' అను పేరును మాత్రము ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయల కిచ్చి కొనెను. యంత్రములు కొనలేదు, భవనములు కొనలేదు, ఒక్క కారైనను కొనలేదు. కొనినది పేరు. కొన్ని అక్షరముల కంత వెల యెట్లు వచ్చినది? తయారు చేయువారు లేకపోయిన తరువాత ఒక వస్తువు పేరునకు గతి యేమి? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనవలెనన్న ముందుగా ఆ కారు పుట్టుక నెరుగవలెను.

హిందూస్థాన్ మోటార్సు సంస్థను 1942వ సంవత్సరమున బి. ఎం. బిర్లా స్థాపించెను. మొదట గుజరాతు తీరమునందలి ఓఖా రేవులో పని ప్రారంభమయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, అనగా 1948లో, ఆ పని కలకత్తా సమీపమున హుగ్లీ జిల్లాలోని ఉత్తరపారా అను చోటికి మారెను. ఆ రోజులలో మన దేశమునకు కార్లు చాలవరకు విడిభాగములుగా పరదేశములనుండి ఓడలలో వచ్చుచుండెను. వానిని ఇచ్చట బిగించి అమ్మెడివారు. 1950వ దశకమున ప్రభుత్వము ఒక నిర్ణయము చేసెను. విడిభాగములను గూడ ఈ దేశముననే క్రమముగా తయారు చేయుటకు పూనుకొనువారికే ఇచ్చట చోటు; ఉత్త బిగింపు పనితో సరిపెట్టుకొనువారు తప్పుకొనవచ్చును. ఫోర్డు, జనరల్ మోటార్సు వంటి మహాసంస్థలు అంతట తప్పుకొనెను. హిందూస్థాన్ మోటార్సు నిలిచెను.

ఆ సంస్థ తన కారు నమూనాలను ఇంగ్లండులోని మోరిస్ సంస్థనుండి తీసికొనెను. ఆక్స్‌ఫర్డు పట్టణమున సైకిళ్ళు బాగుచేయుచు జీవితము నారంభించిన విలియం మోరిస్ స్థాపించిన సంస్థ అది. అందుచేతనే దాని కార్లలో ఒకదానికి 'మోరిస్ ఆక్స్‌ఫర్డు' అని పేరు. ఆ కారు మూడవ తరగతి నమూనాయే 1957లో ఉత్తరపారాలో అంబాసిడరుగా అవతరించెను. అంబాసిడరనగా రాయబారి. పరదేశపు రూపుతో వచ్చి ఈ దేశమున స్థిరపడిన కారునకు ఆ పేరు చక్కగానే అమరెనని చెప్పవలెను.

ఇందొక చిత్రమున్నది. కన్నతల్లియగు మోరిస్ పేరు 1984లో ఇంగ్లండులో మాసిపోయెను. ఆ పేరుతో అటు తరువాత కారు వెలువడలేదు. ఇచ్చట పెరిగిన బిడ్డ మాత్రము మరి ముప్పది యేండ్లు బ్రతికెను.

అంతకాలము బ్రతుకుటకు కారణములు ఆ కారు కట్టుబాటులోనే కొన్ని కలవు. దాని పైకప్పు గుండ్రముగా ఎత్తుగా నుండును. తలపాగాతో కూర్చున్నను తగులదు. ముందు సీటు సైతము బల్లవలె ఒక్కటిగానుండుటచే, తొలినాటి కార్లలో గేరుకఱ్ఱ నేలమీద గాక స్టీరింగు ప్రక్కన అమర్చబడుటచే, డ్రైవరు ప్రక్కన ఇద్దరు సర్దుకొనెడివారు. వెనుక నలుగురు; పిల్లలు లెక్కలోనికి రారు. వెనుక ఇరుసుకు ఎడ్లబండికంటె లారీని జ్ఞప్తికి తెచ్చు పట్టీల స్ప్రింగులు. కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేలలలో వానకాలమున దారులు ఎట్లుండునో అందరెరిగినదే. కాలువగట్టుమీది గతుకులలో దిగబడినను, పదిమంది చేయి వేసి నెట్టిన లేచి నడచు కారు అది. ఇంజను విప్పి చూచుటకు గొప్ప విద్య అక్కరలేదు. మూత యెత్తినంతనే ప్రతి భాగమును చేతి కందును. ఒక స్పానరు పెట్టె, కొంత ఓపిక ఉన్న మెకానిక్కు చాలును. ప్రపంచమునందలి టాక్సీలలో దీనిదే ప్రథమస్థానమని 2013లో బ్రిటిషు టెలివిజనులోని 'టాప్ గేర్' కార్యక్రమము తీర్పు చెప్పెను. అప్పటికి దాని ఆయువు ఇంకొక్క యేడే యున్నదని ఆ మెచ్చుకొన్నవారికి తెలియదు.

గుణములు మాత్రమే చెప్పి విడుచుట న్యాయము కాదు. దేశమున ఎవరెన్ని కార్లు తయారు చేయవలయునో ప్రభుత్వమే లైసెన్సుల ద్వారా నిర్ణయించు కాలమది. అంబాసిడరు, బొంబాయినుండి వచ్చు ఫియట్టు, మద్రాసునుండి వచ్చు స్టాండర్డు - ఈ మూడింటిని దాటి కొనువానికి వేరు దారి లేదు. డబ్బు కట్టి యేండ్లతరబడి ఎదురుచూచిన కుటుంబములు కలవు. వేచియుండు కొనుగోలుదారులు వరుసలో నున్నప్పుడు, వస్తువును మెరుగుపరచవలెనన్న తొందర తయారీదారునకు ఎందుకుండును? మార్కు 2, మార్కు 3, మార్కు 4 అని అంకెలు మారుచు వచ్చెను. ముందరి జాలీయు, దీపములును కొంత మారెను. లోపలి కారు మాత్రము చిరకాలము పాతదే. రక్షణ యను గొడుగు క్రింద పెరిగిన మొక్కకు ఎండ తెలియలేదు.

ఎండ 1983 డిసెంబరులో వచ్చెను. హర్యానాలోని గుర్గాం వద్ద, జపాను దేశపు సుజుకీ సంస్థ సహకారముతో ప్రభుత్వము స్థాపించిన మారుతీ కర్మాగారమునుండి 'మారుతీ 800' వెలువడెను. అది చిన్నది, తేలికయైనది, పెట్రోలు తక్కువ త్రాగును, తెల్లవారుజామున ఒక్క తిప్పుతో కదలును. మధ్యతరగతి కుటుంబములు దానివైపు మరలెను. అంబాసిడరునకు ప్రభుత్వ కార్యాలయములును టాక్సీలును మిగిలెను. 1980వ దశకపు మధ్యకాలమున ఏడాదికి ఇరువది వేలకు పైగా అమ్ముడైన కారు, మూతపడునాటికి ఏడాదికి రమారమి రెండువేలకు దిగిపోయెను. 1992లో జపాను దేశపు ఇసుజు ఇంజను అమర్చి కొంత చురుకుదనము తెచ్చిరి. ఐనను 1991 తరువాత ఆర్థిక విధానము మారి పరదేశ సంస్థలు వరుసగా రాజొచ్చెను. ప్రధానమంత్రి ప్రయాణమునకు సైతము భద్రతా కారణములచే జర్మను దేశపు కార్లు వచ్చెను. పొగ విషయమున 2010నుండి పెద్ద నగరములలో అమలైన కఠిన నియమములకు పాత ఇంజను తూగలేక, ఆ నగరముల అమ్మకము కొంతకాలము చేజారెను.

2014 మే 24వ తేదీ ఉదయము పనికి వచ్చిన ఉత్తరపారా కార్మికులకు గేటువద్ద ఒక ప్రకటన కనబడెను: పని నిలిపివేయబడినది. రెండువేలకు పైబడిన కార్మికుల జీతము ఆ కాగితముతో ఆగిపోయెను. అందు పలువురి తండ్రులును అదే కర్మాగారమున పనిచేసినవారు. జీతపు బాకీలు, బ్యాంకుల అప్పులు పేరుకొనియున్నవి. సంస్థవద్ద అమ్ముటకు యోగ్యమైన సొత్తు ఏమున్నది? భూమిలో కొంత భాగము అంతకుముందే గృహనిర్మాణమున కమ్ముడుపోయినది. యంత్రములు పాతవి; వానికి ఇనుము ధర పలికిన చాలును. మిగిలిన వానిలో విలువగలది ఒక్కటే - అరువది యేండ్లుగా దేశమంతట మారుమ్రోగిన పేరు. ఆ పేరు అమ్మగా వచ్చిన సొమ్మును ఉద్యోగుల బాకీలును, అప్పులును తీర్చుటకు వినియోగింతుమని సంస్థ ప్రకటించెను.

ఇప్పుడు ఆ వెల యెట్లు వచ్చినదో చూడవచ్చును. బజారులో ఒక పేరుగల సబ్బును అడిగి కొనువాడు, ఆ సబ్బును ఎవరు, ఎచ్చట, ఏ దినుసులతో చేసిరో విచారింపడు. ఆ పేరుమీద పూర్వము కొన్నది బాగుగానున్నది, కావున ఇదియు బాగుండుననియే నమ్మును. ఆ నమ్మకమే పేరునకు విలువ. ఒక కొత్త సంస్థ కొత్త పేరుతో వచ్చి అంత నమ్మకము సంపాదింపవలెనన్న ప్రకటనలకు కోట్లు వెచ్చింపవలెను, యేండ్లు వేచియుండవలెను. సిద్ధముగానున్న పేరును కొనుట అంతకంటె చౌక కావచ్చును. అందుచేతనే చట్టము పేరును ఆస్తిగా పరిగణించును. దీనినే వ్యాపారచిహ్నమందురు. మన దేశమున 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము ప్రకారము పేరును నమోదు చేయించినచో అది పదేండ్లు చెల్లును. పదేసి యేండ్లకు రుసుము కట్టి ఎంతకాలమైనను పొడిగించుకొనవచ్చును. పొలమువలె అమ్మవచ్చును, కౌలునకు ఈయవచ్చును.

పొలమునకును పేరునకును ఒక భేదము మాత్రము కలదు. బీడుపెట్టిన పొలము పొలముగానే యుండును. పేరును బీడుపెట్టినచో పోవు ప్రమాదమున్నది. నమోదైన తరువాత ఎడతెగక అయిదేండ్లకు పైగా వాడని చిహ్నమును పట్టికనుండి తొలగింపుమని, అందుచే బాధపడువారు కోరవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. వాడకయే పేర్లను దాచియుంచి ఇతరులకు అడ్డుపడుట చట్టమున కిష్టము లేదు.

ఇట్టి పేర్ల భవితవ్యము ఇతర దేశములలో ఎట్లు తేలినదో రెండు కథలు చూపును. ఆస్ట్రేలియాలో హోల్డెన్ అను పేరు, ఇచ్చట అంబాసిడరు వలెనే, ఇంటింటి పేరు. 1856లో అడిలైడు నగరమున గుఱ్ఱపు జీనులు కుట్టు అంగడిగా మొదలైన వ్యాపారమది; కాలక్రమమున అమెరికా దేశపు జనరల్ మోటార్సు చేతికి వచ్చెను. 1948 నవంబరులో తొలి హోల్డెన్ కారును ఆ దేశ ప్రధానమంత్రియే ప్రజలకు చూపెను. 'ఆస్ట్రేలియా సొంత కారు' అని జనులు పొంగిపోయిరి. 2017 అక్టోబరు 20న అడిలైడు సమీపమునందలి ఎలిజబెత్ కర్మాగారమున చివరి కారు తయారయ్యెను. కర్మాగారము పోయినను పేరు నిలుపుదుమని యజమానులు నిశ్చయించి, జర్మనీ మొదలగు దేశములలో తయారైన కార్లకు హోల్డెన్ ముద్ర వేసి దిగుమతి చేసిరి. జనులు ముద్రను చూచిరి, కారును చూచిరి. రెంటికిని పొత్తు కుదరలేదు. మన ఊరివాడని ఓటు వేయువాడు, ఆ అభ్యర్థి ఊరు విడిచిపోయిన పిదప మునుపటివలె వేయునా? మూడేండ్లయినను గడువక, 2020 ఫిబ్రవరిలో ఆ పేరునకే స్వస్తి చెప్పిరి.

రెండవ కథ ఇందుకు విరుద్ధము. అంబాసిడరునకు మూలపురుషుడైన విలియం మోరిస్‌కు ఆక్స్‌ఫర్డులో 'మోరిస్ గ్యారేజెస్' అను దుకాణముండెను. ఆ రెండు మాటల తొలి అక్షరములతో 1920వ దశకమున ఎం.జి. అను కార్లు పుట్టెను. 2005లో ఆ సంస్థ దివాలా తీయగా చైనా సంస్థ యొకటి దానిని కొనెను. రెండేండ్లకు అది షాంఘై నగరపు మరొక పెద్ద సంస్థలో కలిసెను. 2019నుండి గుజరాతులోని హలోల్‌లో, లోగడ జనరల్ మోటార్సు వారిదైన కర్మాగారమున, ఎం.జి. కార్లు తయారగుచున్నవి. ఆక్స్‌ఫర్డు పేరు, చైనా పెట్టుబడి, గుజరాతు కార్మికులు. కొనువాడు విజయవాడలో బెంజి సర్కిలు దాటి బందరు రోడ్డెక్కును. హోల్డెన్ పేరు మరణింపగా ఎం.జి. పేరేల బ్రతికినది? ఆస్ట్రేలియావారికి హోల్డెన్ అనగా తమ నేల, తమ కార్మికులు. ఎం.జి. పేరు విని కొను ఇతరదేశములవారికి ఆక్స్‌ఫర్డుతో అట్టి బంధుత్వమేమియు లేదు. వారు కారును చూచి కొనిరి, పేరు దానికి అలంకారమయ్యెను.

అంబాసిడరు ఈ రెంటిలో ఏ త్రోవ పట్టునో తేలలేదు. ప్యూజో మాతృసంస్థ 2021లో ఇటలీ, అమెరికాల ఫియట్-క్రైస్లరు సంస్థతో కలిసి 'స్టెల్లాంటిస్' అయ్యెను. మన దేశమున అది తన సిట్రోయెన్ పేరుతో కార్లు అమ్మసాగెను. వానిని మద్రాసు దగ్గరి తిరువళ్ళూరులో తయారు చేయుచున్నది. విద్యుత్తుతో నడచు కొత్త అంబాసిడరు రానున్నదని 2022లో వార్తలు గుప్పుమనెను. పత్రికలలో ఊహాచిత్రములు వచ్చెను. కారు రాలేదు.

పేరును అమ్ముటకు వీలులేని వస్తువులును కలవు. వానిలో ఒకటి బందరు పేరుతోనే యున్నది. 1611లో ఆంగ్లేయులును, వారికి కొలది యేండ్ల ముందే డచ్చివారును మచిలీపట్టణమున గిడ్డంగులు నెలకొల్పినది ముఖ్యముగా ఇచ్చటి వస్త్రముల కొరకే. కరక్కాయ రసములో ఊరవేసి, చెక్క అచ్చులతో అద్ది, పటికతోను నీలిమందుతోను రంగు నిలిపిన ఆ బట్టలు పారశీకమునకును ఐరోపాకును పోయెను. ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చిన పిదప ఆ వ్యాపారము క్షీణించెను. ఐనను పెడన మొదలగు చోట్ల అచ్చువేయువారి చేతులు ఆగలేదు. నేడు 'మచిలీపట్నం కలంకారీ' అను పేరు భౌగోళిక సూచికగా నమోదైయున్నది. భౌగోళిక సూచికను ఎవరును ఎవరికిని అమ్మరాదని చట్టము. అది ఒక సంస్థ సొత్తు కాదు. ఆ ప్రాంతమున ఆ పద్ధతిలో ఆ పని చేయువారందరిదియు. ప్యారిసులోని ధనికుడు ఎన్ని కోట్లు పోసినను బందరు పేరును ఫ్రాన్సునకు తరలింపజాలడు. అంబాసిడరు పేరు ఉత్తరపారా కార్మికుల చేతులమీదుగానే పెరిగినను, చట్టము దృష్టిలో వారిది కాలేదు. ఈ రెండు చట్టములును ఒక్క యేడే, 1999లోనే, పుట్టినవి.

తెలుగు నేలలోను ఇట్టి పేరొకటి కలదు. హిందూస్థాన్ మోటార్సు పుట్టిన 1942లోనే హైదరాబాదులో ఆల్విన్ లోహపు కర్మాగారము వెలసెను. బస్సుల పైకట్టు, ఉక్కు బీరువాలు, శీతలయంత్రములు, చేతిగడియారములు - ఆల్విన్ పేరు లేని మధ్యతరగతి ఇల్లు ఒకప్పుడరుదు. జపాను నిస్సాన్ సంస్థతో కలిసి జహీరాబాదులో 'ఆల్విన్ నిస్సాన్' సరుకు వాహనములు చేయుటయు జరిగెను. పిదప ఆ విభాగము మహీంద్రా వారికి, శీతలయంత్రముల విభాగము వోల్టాసు వారికి పోయెను. హైదరాబాదులో ఆల్విన్ కాలనీ యున్నది. అందు నివసించు పిల్లలలో ఆ పేరెట్లు వచ్చినదో ఎరిగినవారెందరు?

పేరు ఎవరిదైనను, మిగిలిన పాత అంబాసిడర్ల బాగోగులు కావలసినవారు వేరు. విజయవాడ ఆటోనగరులో వరుసగా వెలసిన వేలాది షెడ్లలో బస్సులకును లారీలకును పునర్జన్మ కలుగుచుండును. కర్మాగారము మూతపడిన నాడే ఒక కారు చావదు. విడిభాగము దొరకని నాడు చచ్చును. అంబాసిడరు విషయమున కొంత మేలున్నది. లక్షలకొలది కార్లు తిరిగినందున దాని విడిభాగములను ఎందరో చిన్న తయారీదారులు చేసియుండిరి. పాత కార్లు విప్పి అమ్మువారివద్ద కొన్ని దొరకును. దొరకనిదానిని లేతుమీద త్రిప్పి చేయుదురు. ఐనను ప్రతి సంవత్సరమును కష్టము పెరుగుచునే యున్నది. కలకత్తా నగరమున పసుపుపచ్చ అంబాసిడరు టాక్సీలు పదునైదేండ్లు నిండినవి నిండినట్లు నియమము ప్రకారము వీధినుండి తప్పుకొనుచున్నవి. కొత్తవి రావు కావున ఆ లెక్క ఒక్కవైపునకే నడచును.

హౌరానుండి బర్ద్వాను పోవు లోకల్ రైలు ఉత్తరపారా దాటిన వెంటనే ఒక చిన్న స్టేషనులో ఆగును. కర్మాగారపు పనివారికొరకు వెలసిన స్టేషను అది. దాని పేరు హింద్ మోటార్. ఆ పేరు పలకమీద నేటికిని ఉన్నది. రైళ్ళు ఆగుచునే యున్నవి.